నీళ్లు, రొట్టె, మహిమ: యోహాను సువార్తలోని సూచక క్రియలకు కరువు సీమలో ఆత్మీయ అర్థము

ఉపోద్ఘాతము

కర్నూలు, కడప ప్రాంతపు సంఘములలో యోహాను సువార్త వినబడని నెల ఉండదు. పెండ్లి ఆరాధనలో కానా విందు, సమాధి యొద్ద లాజరు, స్వస్థత కూటములో బేతెస్ద రోగి, కోత పండుగనాడు అయిదు రొట్టెలు రెండు చేపలు. ఈ నాలుగు సంగతులు చదువురాని విశ్వాసికి కూడ నోటికి వచ్చినవే. అయితే వీటికి మన ప్రసంగ వేదికల మీద చెప్పబడుచున్న అర్థమును పరిశీలించినయెడల రెండు ధోరణులు స్పష్టముగా కనబడుచున్నవి.

మొదటిది అద్భుతములోని వస్తువును వెంటనే విడిచిపెట్టు ధోరణి. నీళ్లు అనగా వాక్యము, ద్రాక్షారసము అనగా ఆనందము, కోనేరు అనగా ధర్మశాస్త్రము అని వరుసగా చెప్పి, ఆ తరువాత నీటిని గూర్చి గాని రోగమును గూర్చి గాని మాటలాడదు. రెండవది ఆ వస్తువునే పట్టుకొని నిలిచిపోవు ధోరణి. అప్పుడు జరిగినది ఇప్పుడు ఇక్కడ జరిగి తీరవలెననియు, జరుగనియెడల అడిగినవాని విశ్వాసములో లోపమున్నదనియు తీర్మానించును. మొదటిదానికి మనము "ఆత్మీయ అర్థము" అని పేరు పెట్టితిమి. రెండవదానికి "అభిషేకము" అని పేరు పెట్టితిమి.

ఈ రెండును యోహాను సువార్తకు న్యాయము చేయుట లేదన్నది ఈ వ్యాసములోని వాదన. యోహానులో ఆత్మీయ అర్థము నీటిని, రొట్టెను, దేహమును దాటవేసి దొరకునది కాదు. వాటి గుండా నడిచి, సిలువ యొద్దకు చేరినప్పుడు దొరకునది. ఇది పండితుల తర్కము మాత్రమే కాదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షము పడు నేల మనది. అదియు వేళకు పడునను నమ్మకము లేదు. బోరు ఎండిన రైతును, మంచము పట్టిన బిడ్డ తల్లిని ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రసంగించు కాపరికి ఇది ప్రతి ఆదివారము ఎదురగు ప్రశ్న.

1. మూడు మాటలు: అద్భుతము, సూచక క్రియ, మహిమ

మొదటి మూడు సువార్తలలో యేసు కార్యములకు తరచుగా వాడబడిన గ్రీకు మాట "దునామిస్". బలము, బలముతో చేసిన కార్యము అని దాని భావము. మన తెలుగు బైబిలులో అది "అద్భుతము" అయినది. యోహాను ఈ మాటను ఒక్కసారియైనను వాడలేదు. ఆయన మాట "సేమెయోన్", అనగా గురుతు. యేసు తానే తన కార్యములను గూర్చి చెప్పునప్పుడు ఎక్కువగా "ఎర్గోన్", అనగా క్రియ, అనును. ఇక ఆశ్చర్యము గొల్పు వింత అను భావముగల "తెరాస్" అను మాట ఈ సువార్త అంతటిలో ఒక్కచోటనే (4:48) వచ్చుచున్నది. అక్కడ కూడ అది గద్దింపులోనే వచ్చుచున్నది. వింతలు చూచిన గాని నమ్మనివారిని గూర్చి ప్రభువు ఆ మాట పలికెను. కాబట్టి యోహాను మాటలను ఏరుకొనుటలోనే ఒక వేదాంతమున్నది.

"సేమెయోన్" అను మాటకు మన అనువాదకులు "సూచక క్రియ" అను జంటపదమును వాడిరి. ఇది మేలైన అనువాదము. ఇందులో గురుతు ఉన్నది, క్రియ కూడ ఉన్నది. దారి చూపు రాయి ఊరు కాదు. దాని యొద్దనే కూర్చున్నవాడు ఊరు చేరడు. అయితే ఆ రాయిని పెరికి పారవేసినవాడును చేరడు. మన మొదటి ధోరణి క్రియను పోగొట్టుకొని సూచనను ఉంచుకొన్నది. రెండవ ధోరణి సూచనను పోగొట్టుకొని క్రియను ఉంచుకొన్నది. తెలుగు మాట రెండింటిని విడదీయరాదని చెప్పుచున్నది.

మూడవ మాట "మహిమ". దీనిని గూర్చి మన ప్రాంతపు కాపరులు ప్రత్యేకముగా జాగ్రత్తపడవలెను. కానాలో యేసు తన మహిమను కనుపరచెనని 2:11 చెప్పుచున్నది. దీనిని కడప జిల్లా పల్లెలో ఒకడు ఏమని వినును? కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి మఠమున్న జిల్లా ఇది. బ్రహ్మంగారి మహిమలు ఇంటింటా చెప్పుకొను కథలు. మహిమ గల స్వామి, మహిమ గల దర్గా, మహిమ గల చెట్టు అని వాడుక భాష పలుకును. ఈ వాడుకలో మహిమ అనగా కోరిక తీర్చు శక్తి, ఇతరులు చేయలేనిది చేసి చూపు సత్తా. పొరుగువారి భక్తిని చిన్నచూపు చూచుటకు ఈ మాట చెప్పుట లేదు. మన విశ్వాసుల చెవి కూడ ఆ వాడుకలోనే పెరిగినదని గుర్తించుటకు చెప్పుచున్నాము. ఆ చెవికి 2:11 "యేసు తన శక్తిని చూపించెను" అని వినబడును. వినినవాడు వెంటనే ఎవరి మహిమ గొప్పది అని పోల్చుటకు మొదలుపెట్టును.

యోహాను చెప్పు మహిమ వేరు. గ్రీకు "దొక్స" వెనుక హెబ్రీ "కావోద్" ఉన్నది. బరువు, ఘనత, దేవుని సన్నిధి అని దాని అర్థము. ఈ సువార్తలో యేసు మహిమపరచబడు గడియ అనగా సిలువ గడియయే (12:23-24, 13:31, 17:1). గోధుమగింజ భూమిలో పడి చచ్చుటను గూర్చిన మాట కూడ ఆ గడియను గూర్చి చెప్పబడినదే. కానాలో తల్లి మాటకు యేసు ఇచ్చిన మొదటి జవాబు తన గడియ ఇంకను రాలేదని. అదే కథ చివర మహిమ అను మాట వచ్చుచున్నది. గడియ, మహిమ అను రెండు మాటలును కలిసి పెండ్లి ఇంటినుండి సిలువ వైపు వేలు చూపుచున్నవి. సూచక క్రియ సూచించునది ఇదియే. మహిమ అను మాటను సిలువ వెలుగులో మరల నేర్పనంతకాలము, యోహాను అద్భుతములను గూర్చిన మన ప్రసంగము తెలియకయే మహిమల పోటీగా మారును.

2. వ్యాఖ్యానములో నీరు ఎట్లు ఎండిపోయెను

వస్తువును విడిచి అర్థమును పట్టుకొను పద్ధతి మన సంఘములలో పుట్టినది కాదు. అయిదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో హిప్పో పట్టణపు బిషప్ అగస్టీను యోహాను సువార్త మీద చేసిన ప్రసంగములలో ఇది పరిపూర్ణముగా కనబడును. ఆయనకు కానాలోని ఆరు బానలు లోకచరిత్రలోని ఆరు యుగములు; బేతెస్ద యొక్క అయిదు మంటపములును, అయిదు యవల రొట్టెలును మోషే అయిదు గ్రంథములు; రోగి యొక్క 38 సంవత్సరములు 40లో రెండు తక్కువ, ఆ తక్కువైన రెండును దేవుని ప్రేమించుట, పొరుగువానిని ప్రేమించుట. నేడు మన ఉజ్జీవ కూటములలో వినబడు సమీకరణములు అనేకము ఈ దారి వెంట వచ్చినవే. అగస్టీనుకు ఒక ఘనత చెల్లవలెను: ఆయన లేఖనమును లేఖనముతో కలిపి, సామాన్య జనులకు అర్థమగునట్లు బోధించెను. అయితే 38 సంవత్సరములు లెక్కగా మారినప్పుడు, అన్ని సంవత్సరములు చాప మీద పడియున్న మనుష్యుడు కనుమరుగయ్యెను.

పురావస్తు శాస్త్రము ఇక్కడ మనకు ఉపకారము చేసినది. యెరూషలేములో పరిశుద్ధ అన్న ఆలయము ప్రక్కన జరిగిన త్రవ్వకములలో జంట కోనేరు బయలుపడెను. నాలుగు వైపుల నాలుగు మంటపములు, రెండు కోనేరుల నడుమ గట్టు మీద అయిదవది ఉండెనని దానినిబట్టి గ్రహింపవచ్చును. సిలోయము కోనేటి మెట్లుగా పరిగణింపబడుచున్నవి 2004లో బయటపడినవి. అనగా అయిదు అను సంఖ్య అలంకారము కాదు, రాతి కట్టడము. మహానంది కోనేరును చూచిన నంద్యాల విశ్వాసికి మంటపము, మెట్లు, నీరు అనగానే ఒక స్థలము కండ్లయెదుట నిలుచును. ఆ స్థలమును చెరపివేసి ధర్మశాస్త్రము అను మాటను దాని చోట పెట్టుట ఆత్మీయత కాదు.

ఆధునిక పండితులలో రుడాల్ఫ్ బుల్ట్‌మన్ 1941లో ప్రచురించిన యోహాను వ్యాఖ్యానములో, సువార్తికుడు పూర్వమే ఉన్న ఒక సూచక క్రియల సంకలనమును వాడుకొనెనని ప్రతిపాదించెను. 1970లో రాబర్ట్ ఫోర్ట్‌నా ఆ సంకలనమును పునర్నిర్మింప ప్రయత్నించెను. బుల్ట్‌మన్ దృష్టిలో అద్భుతముల అసలు పని మనుష్యుని నిర్ణయమునకు పిలుచుటయే. ఆ పిలుపు సత్యమే. అయితే ఆయన చదువులో కూడ ఆకలి, గ్రుడ్డితనము, దప్పిక కేవలము నిచ్చెన మెట్లు; ఎక్కిన తరువాత వాటితో పని లేదు. అగస్టీను అద్భుతము జరిగెనని నమ్మెను, బుల్ట్‌మన్ నమ్మలేదు. అయినను పదిహేను వందల సంవత్సరముల ఎడమున్న ఈ ఇద్దరి చదువులలోను బాన చివరకు ఖాళీయే. వీరిద్దరికంటె సి. హెచ్. డాడ్ 1953లో చూపిన దారి మనకు ఎక్కువ ఉపయోగకరము. 2 నుండి 12 వరకు గల అధ్యాయములను ఆయన సూచక క్రియల గ్రంథమని పిలిచి, క్రియయు దాని వెంట వచ్చు ప్రసంగమును ఒకే వస్త్రమని చూపెను. రొట్టె లేనిదే జీవాహార ప్రసంగము లేదు. ప్రసంగము లేనిదే రొట్టె సూచన కాదు.

3. కానా: నీళ్లు మోసినవారు ఎరుగుదురు

ఆరు రాతిబానలు, ఒక్కొక్కటి రెండు లేక మూడు తూములు పట్టునవి (2:6). గ్రీకు మూలములోని కొలత సుమారు 39 లీటర్లు. ఆ లెక్కన ఆరింటిలో కలిపి సుమారు 470 నుండి 700 లీటర్ల నీరు. పదిహేను లీటర్ల బిందె లెక్కన 31 నుండి 47 బిందెలు. ఈ లెక్క ఏ వ్యాఖ్యాన గ్రంథమునకంటె బాగుగా మన స్త్రీలకు తెలియును. ట్యాంకరు కొరకు వరుసలో నిలిచినవారికి, చేతిపంపు యొద్ద వంతు కొరకు కాచుకొన్నవారికి నలువది బిందెలు అనగా ఎంత పని అన్నది చెప్పనక్కరలేదు. యేసు ఆజ్ఞ ఇచ్చెను. నీళ్లు మోసినవారు పనివారు. వారు బానలను అంచుల మట్టుకు నింపిరి.

ఇక్కడ యోహాను చేర్చిన ఒక చిన్న మాటను మనము తరచుగా దాటిపోవుచున్నాము. ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చెనో విందు ప్రధానికి తెలియదు. నీళ్లు తోడిన పనివారికి తెలియును (2:9). రుచి చూచినవాడు రుచిని మెచ్చుకొనెను, అంతే. మూలమును ఎరిగినవారు చేతులు తడిసినవారు. యోహానులో "ఎక్కడనుండి" అను ప్రశ్న చిన్నది కాదు. యేసు ఎక్కడనుండి వచ్చెనన్నది ఈ సువార్త అంతయు నడుపు ప్రశ్న. ఆ ప్రశ్నకు మొదటి జవాబు ఎరిగినవారు పెండ్లికుమారుడు కాడు, ప్రధాని కాడు, కూలివారు.

ఆ బానలు యూదుల శుద్ధీకరణ ఆచారము కొరకైనవి. రాతిపాత్రకు మైల అంటదని వారి నమ్మకము. ఈ మాట చెప్పి యూదుల మతమును ఎగతాళి చేయుట మన వేదికలకు అలవాటైనది; అది విడువదగినది, ఏలయనగా యేసు కూడ యూదుడే, ఆ ఇల్లు ఆయనను పిలిచిన ఇల్లే. మనకు కావలసిన ప్రశ్న దగ్గరలోనే ఉన్నది. 1822లో లండన్ మిషనరీ సంఘము కడపలో పని ప్రారంభించినది మొదలుకొని, ముత్యాలపాడు, నంద్యాల, జమ్మలమడుగు, కర్నూలు చుట్టుపట్ల సంఘములలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. ఊరి బావిని ముట్టరాదని వారికి కట్టడి. ఎవరో పైనుండి పోసిన నీటిని దోసిట పట్టుకొని త్రాగిన తరములు మన సంఘములకు పునాది. శుద్ధి పేరున మనుష్యులను వేరు చేసిన నీరు వారికి బాగుగా తెలియును. వారి సంతతికి కానా చెప్పునది ఇది: శుద్ధికై వేరుగా ఉంచబడిన పాత్ర అందరు త్రాగు విందు పాత్ర అయినది. దీనిని "ద్రాక్షారసము అనగా ఆనందము" అని ముగించినయెడల సూచన సగము పోయినది. నేటికిని కులము పేరున వేరుపడి కూర్చుండు సంఘములు మనలో ఉన్నంతకాలము, ఈ సూచక క్రియ మనలను ఓదార్చుటకంటె ముందు తీర్పు తీర్చును.

4. రొట్టె: ధాత కరువు నాటి ప్రశ్న

నాలుగు సువార్తలలోను ఉన్న అద్భుతము అయిదు వేలమందికి ఆహారము పెట్టుట. అయితే ఆ రొట్టెలు యవల రొట్టెలని యోహాను మాత్రమే చెప్పుచున్నాడు (6:9). యవలు పేదల ధాన్యము. మన జొన్నరొట్టె, కొర్రన్నము వంటిది. అందరును తమకు కావలసినంత తినిరని, మిగిలినది ఏదియు వ్యర్థము కాకుండ పోగుచేయుడని ప్రభువు చెప్పెనని కూడ యోహాను వ్రాసెను (6:11-12). గింజ విలువ ఎరిగిన నేల మీద ఈ రెండు మాటలును బరువైనవి.

మరునాడు తన్ను వెదకుచు వచ్చిన జనులతో యేసు, వారు సూచనలను చూచి రాలేదనియు రొట్టె తిని తృప్తిపొందినందుననే వచ్చిరనియు చెప్పెను (6:26). తెలుగు క్రైస్తవ చరిత్రలో ఈ వచనమునకు ఒక ప్రత్యేకమైన గాయమున్నది. ధాత నామ సంవత్సరములో మొదలైనందున ధాత కరువని పేరుపొందిన 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఘోరముగా నలిగిపోయెను. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గెను. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సలహా మీద సహాయ పనులలోని కూలి రోజుకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి రొక్కము అను మట్టుకు కుదింపబడెను. ఆ కరువు తరువాత వేలకొలది జనులు సంఘములలో చేరిరి. గంజి కొరకు మతము మారిరి అను నింద ఆనాటినుండి నేటివరకు వినబడుచున్నది. నింద వేయువారు కొన్నిసార్లు ఈ వచనమునే మన మీద విసరుదురు.

ఆ చరిత్రలో ఒక సంగతి సువార్త వ్యాఖ్యానముగా చదువదగినది. ఒంగోలు కేంద్రముగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, నాడు కర్నూలు జిల్లాలో ఉండిన కంభము, మార్కాపురము ప్రాంతములలో కూడ పనిచేసెను. కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసుకొని జనులకు కూలి దొరకునట్లు చేసెను. సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము ముగిసిన తరువాతనే ఇచ్చుటకు ఒప్పుకొనెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి యొద్ద వెల్లంపల్లిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను మనము సాధారణముగా అద్భుతముగా చెప్పుకొందుము. నా దృష్టికి అసలు గమనింపదగినది ఆ సంఖ్యకు ముందున్న ఆలస్యము. రొట్టెను రొట్టెగానే ఇచ్చి, దానికి షరతు పెట్టకుండుట; రొట్టె ఆగిన తరువాత ఎవరు వచ్చెదరో కాచుకొనుట. యోహాను 6వ అధ్యాయపు క్రమము ఇదియే. ప్రభువు మొదట ఆకలిగొన్నవారికి పెట్టెను. ఎవని విశ్వాసమును అడుగలేదు. తరువాతనే నశించు ఆహారమును, నిలుచు ఆహారమును గూర్చి మాటలాడెను (6:27). పెట్టకముందే ఆ ప్రసంగము చేసియుండినయెడల అది క్రూరత్వము. పెట్టిన తరువాత చేయకుండినయెడల అది సూచన కాదు. 6:26 ఆకలిని గద్దించుట లేదు. కడుపు నిండిన తరువాత కూడ ఇచ్చినవానిని చూడకుండుటను గద్దించుచున్నది. కూలి ఆగి, పొలము ఇంకను ఎండియున్నప్పుడు ఏటి యొద్దకు వచ్చిన మాల మాదిగ పల్లెలవారు ఈ గద్దింపు క్రింద ఉన్నారని చెప్పుటకు ఆధారము లేదు. వారు చూచినది ఏమిటి? ఎండ్లతరబడి ఊరు తమను చూడనప్పుడు, తమను చూచిన ఒకనిని వారు చూచిరి.

రొట్టె తినిన జనులు యేసును బలవంతముగా రాజును చేయజూచిరని, ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయెనని యోహాను చెప్పుచున్నాడు (6:15). నీళ్లు తెచ్చెదనన్నవానికి పట్టము కట్టు అలవాటు కరువు సీమకు క్రొత్త కాదు. అడిగినవారిది తప్పు కాదు. పొలమునకు నీరు అడుగుట న్యాయము. అయితే అద్భుతమును అధికారముగా మార్చుకొను అవకాశము చేతికి వచ్చినప్పుడు ప్రభువు కొండకు వెళ్లెను. జనసమూహమును చూచి వేదికను పెంచుకొను సేవకునికి ఈ వచనము కష్టమైనది.

ఆ రాత్రి జరిగిన సూచన నీటి యొక్క మరియొక ముఖము. అక్టోబరు 2009లో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరమును ముంచినవి. 2021 నవంబరు 19న నాటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి ప్రాణములు పోయెను. నీరు ఎల్లప్పుడు దీవెన కాదు. కాబట్టి నీరు అనగా ఆత్మ అని ఒకే సమీకరణము పనికిరాదు. సముద్రము మీద నడచిన సంగతిలో యోహాను గాలి అణగెనని చెప్పలేదు (6:16-21). భయపడినవారియొద్దకు ఆయన వచ్చెననియు, దోనె దరి చేరెననియు మాత్రమే చెప్పెను. వరద ఆగుట కాదు, వరదలో ఆయన వచ్చుట ఇక్కడి సూచన.

5. బేతెస్ద: విశ్వాసము వెల కాదు

కర్నూలు-కడప కాలువ త్రవ్వకము 1863లో ప్రారంభమయ్యెను. సుంకేసుల యొద్ద తుంగభద్ర నీటిని మళ్లించి కడపవరకు తెచ్చుట దాని ఉద్దేశము. ఆ తరువాత తరములలో ఎన్నో జలాశయములు వచ్చెను. శ్రీశైలము జలాశయము కొరకు కర్నూలు జిల్లాలో అనేక గ్రామములు తమ ఇండ్లను, పొలములను నీటికి అప్పగించెను. కనుక నీరు దగ్గర ఉండుట వేరు, నీరు అందుట వేరు అని మన జనులకు బోధింపనక్కరలేదు. 38 సంవత్సరములు కోనేటి ప్రక్కనే పడియుండి, తనను దింపుటకు మనుష్యుడు లేడని చెప్పినవాని మాట (5:7) వారికి సుపరిచితమైన మాట.

ఈ రోగిని యేసు విశ్వాసమును గూర్చి అడుగలేదు. బాగుపడ కోరుచున్నావా అని మాత్రమే అడిగెను. వాడు విశ్వాసపు ఒప్పుకోలు చేయలేదు. తన కష్టము చెప్పుకొనెను. బాగైన తరువాత కూడ తనను బాగుచేసినవాడెవడో వాడు ఎరుగడు (5:13). తొమ్మిదవ అధ్యాయములోని పుట్టు గ్రుడ్డివాడు కూడ చూపు పొందిన తరువాతనే, వెలివేయబడిన తరువాతనే, విశ్వసించుటకు వచ్చెను (9:35-38). ఎవని పాపము అను శిష్యుల ప్రశ్నను ప్రభువు అక్కడనే త్రోసివేసెను (9:2-3). బేతెస్ద రోగితో ఇకను పాపము చేయవద్దని చెప్పిన మాట (5:14) ఉన్నమాట నిజమే. అయితే అది స్వస్థత తరువాత చెప్పబడిన హెచ్చరిక, స్వస్థతకు ముందు వసూలు చేయబడిన వెల కాదు.

కాబట్టి స్వస్థత కాలేదు గనుక నీలో విశ్వాసము లేదు అను తీర్పు యోహాను సువార్తలో నిలువదు. ఈ తీర్పు మన పల్లెలలో చేయుచున్న హాని చిన్నది కాదు. రోగి తన రోగముతో పాటు నేరమును కూడ మోయుచున్నాడు. మాత్రలు మానివేయుటయే విశ్వాసమని నమ్మినవారున్నారు. ఇదే ప్రాంతములో 19వ శతాబ్దము చివర లండన్ మిషనరీ సంఘము జమ్మలమడుగులో స్థాపించిన, తరువాత దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉన్నది. కోనేటిలోనికి దింపుటకు మనుష్యుడు లేని చోట మనుష్యుడై నిలుచుట కూడ ఈ సూచక క్రియకు వ్యాఖ్యానమే. రోగికొరకు ప్రార్థించుటయు, వానిని వైద్యుని యొద్దకు మోసికొనిపోవుటయు ఒకదానికొకటి విరోధము కావు. చేతులుంచి ప్రార్థించిన కాపరి మరునాడు బస్సు ఎక్కించి ఆసుపత్రికి తోడు వెళ్లినయెడల వాని ప్రార్థన తగ్గలేదు.

6. దప్పిగొన్న దాత

ఏడు సూచక క్రియలలో చివరిది లాజరును లేపుట. దాని ఫలితము యోహాను కఠినముగా చెప్పెను: ఆ దినమునుండి యేసును చంపుటకు ఆలోచన చేసిరి (11:47-53). ఒకని సమాధినుండి పిలిచినవాడు దానివలననే తన సమాధికి నడిచెను. 11వ అధ్యాయములో మహిమ అను మాట మరల వచ్చుట (11:4, 40) అందుకే. ఇక్కడ మహిమ అనగా శక్తి ప్రదర్శన అని చదివినయెడల కథ అర్థము కాదు. స్నేహితునికొరకు ప్రాణమిచ్చుట అని చదివినయెడల ప్రతి మాట చక్కగా అమరును.

సమరయ బావి యొద్ద యేసు జీవజలమును గూర్చి చెప్పకముందు తానే త్రాగుటకు నీళ్లడిగెను (4:7). పండుగ మహాదినమున దప్పిగొనినవారిని పిలిచెను (7:37). ఆ పిలిచినవాడే సిలువ మీద దప్పిగొనెను (19:28). ఆయనకు దొరికినది పులిసిన చిరక. తరువాత ఆయన ప్రక్కనుండి రక్తమును నీళ్లును కారెను (19:34). కానాలో మొదలైన నీరు చివరకు ఇక్కడ కనబడుచున్నది. కరువు సీమకు ఇంతకంటె దగ్గరి సువార్త లేదు. నీళ్లిచ్చు దేవుడు దప్పిక ఎరుగనివాడు కాడు. బోరు వేసి అప్పులపాలైనవాని యొద్దకు ఆయన వర్షపు వాగ్దాన పత్రముతో రాడు; ఎండిన నాలుకతో వచ్చును. అట్లని దప్పికయే మంచిదని ఈ మాటకు అర్థము కాదు. దేవుడు దప్పిగొన్నవాని ప్రక్కన నిలిచెను గనుక, వానికి నీరు అందకుండ చేయు ప్రతి కట్టడియు దేవునికి ఎదురు నిలిచినదగును.

ముగింపు

ఈ పరిశీలననుండి ప్రసంగీకులకు మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది, సూచక క్రియలోని వస్తువు యొద్ద ఆగుడి. ఎన్ని బిందెలు, ఎవరు మోసిరి, ఏ ధాన్యపు రొట్టె, ఎన్ని సంవత్సరములు అని అడుగుడి; యోహాను ఊరకనే వ్రాయలేదు. రెండవది, క్రమమును తారుమారు చేయకుడి. ప్రభువు ముందు పెట్టెను, తరువాత బోధించెను. ముందు లేపెను, తరువాత హెచ్చరించెను. రొట్టెకు షరతు పెట్టువాడును, స్వస్థతకు వెల కట్టువాడును ఈ క్రమమును చెరుపుచున్నారు. మూడవది, మహిమ అను మాటను సిలువ యొద్ద నేర్పుడి. ప్రభువు గొప్ప శక్తి గలవాడని మన జనులు సులభముగా నమ్ముదురు. శక్తి గలవారిని గూర్చి వారు చాలా కథలు వినియున్నారు. ఆ శక్తి గలవాడు తన్నుతాను అప్పగించుకొనెనని చెప్పుటయే సువార్త.

వర్షము కొరకు ప్రార్థింపుడని సంఘము అడిగినప్పుడు కాపరి ప్రార్థింపవలెను. నీరు అడుగుటలో తక్కువ ఆత్మీయత ఏమియు లేదు. వర్షము రానప్పుడు ఆ సంఘమును నిందింపక వారితో కూడ ఉండవలెను. తన గ్రంథములో వ్రాయబడని సూచక క్రియలు ఇంకను అనేకము ఉన్నవని యోహాను చెప్పెను (20:30-31). వ్రాయబడినవి మనము నమ్మి జీవము పొందునట్లు వ్రాయబడెను. ఆ జీవము బానలో, రొట్టెలో, చాప ఎత్తుకొని నడిచిన కాళ్లలో మొదలైనది. అక్కడనే దానిని చూపుట మన పని.